యాత్రానుభవాల సైటు కట్టడం ఎలా: ఊరి పేరు నుంచి బ్యాకప్ దాకా

"అన్నా, ఫ్రెండ్స్ అందరం కలిసి ట్రావెల్ సైటు పెడదామనుకుంటున్నాం, ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిది?" అని అడిగేవాళ్ళు నెలకి ఇద్దరైనా తగులుతున్నారు. ఏదైనా పరవాలేదు, మీ చేతికి అలవాటైనది తీసుకోండి. ఇలాంటి సైట్లు మూలనపడేది కోడ్ వల్ల కాదు. "లంబసింగి" అని వెతికితే ఏమీ రాకపోవడం వల్ల, వచ్చినా అది ఏ నెలలో వెళ్ళినవాళ్ళ మాటో తెలియకపోవడం వల్ల. అందుకే ఇక్కడ ఊళ్ళ పేర్లకీ ఫారానికీ ఎక్కువ చోటిచ్చాను, లాగిన్ లాంటివాటికి తక్కువ.

నేను వాడింది జాంగో (సైటు కట్టడానికి తయారుగా దొరికే పునాది కోడ్, అంటే ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (సమాచారం దాచే డేటాబేస్) కాబట్టి ఉదాహరణలు అవే. లారావెల్ అయినా నోడ్ అయినా పనుల వరస మారదు. ఒకరిద్దరు మనుషులు, ఖాళీ సాయంత్రాలు, నెలకి ఒక చిన్న సర్వర్ అద్దె, ఈ లెక్కలో చెబుతున్నాను.

## 1. కోడ్ ముట్టుకోక ముందు

ముందు ఒక ప్రాంతం ఎంచుకోండి. "ఇండియా మొత్తం" అని మొదలుపెడితే మనాలీ మీద ఒక అనుభవం, కన్యాకుమారి మీద ఒకటి, మధ్యలో అంతా ఖాళీ. అదే అరకు నుంచి మారేడుమిల్లి దాకా మన్యం మాత్రమే అనుకుంటే, నలభై అనుభవాలకే సైటు నిండుగా కనిపిస్తుంది.

తర్వాత ఎక్సెల్ షీటు తెరిచి, తెలిసినవాళ్ళ దగ్గర ముప్ఫై అనుభవాలు చేత్తో సేకరించండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటే ఎవరైనా పెడతారు, రాయమంటే ఎవరూ రాయరు. అవి విని షీటులోకి ఎక్కించేటప్పుడు మీకే తెలుస్తుంది: చెప్పేవాళ్ళు మంచు గురించి చెబుతారు, వినేవాళ్ళు మాత్రం "బస్సుందా, రూమెంత, పిల్లలతో వెళ్ళొచ్చా" అనే అడుగుతారు. ఆ అడిగినవే మీ కాలమ్‌లు, రేపు అవే మీ ఫారం.

ఈ దశ దాటే ముందు చూసుకోవాల్సినవి:

□ ప్రాంతం హద్దులు ఒక వాక్యంలో చెప్పగలుగుతున్నారా
□ ముప్ఫై అనుభవాలు, కనీసం పది వేర్వేరు చోట్లవి ఉన్నాయా
□ ప్రతిదానికీ వెళ్ళిన నెల, సంవత్సరం ఉందా
□ సైటులో పెట్టుకోవడానికి చెప్పినవాళ్ళ అనుమతి మెసేజ్ రూపంలో ఉందా

## 2. ప్రదేశాల పట్టిక: అసలు పని ఇదే

చాలామంది అనుభవం టేబుల్‌లోనే "ఊరు" అని ఒక టెక్స్ట్ గడి పెట్టి వదిలేస్తారు. నెల తిరిగేసరికి అందులో అరకు, అరకులోయ, అరకు వ్యాలీ, అరకువేలీ అని నాలుగు ఊళ్ళు తయారవుతాయి. ప్రదేశానికి వేరే టేబుల్ ఉండాలి, అనుభవంలో దాని నంబరు మాత్రమే ఉండాలి.

ప్రదేశం టేబుల్‌లో ఇవి చాలు: నంబరు, తెలుగు పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, రకం (జలపాతం, గుడి, కోట, ఊరు, వ్యూపాయింట్), అక్షాంశ రేఖాంశాలు, పై ప్రదేశం నంబరు. పై ప్రదేశం అంటే బొర్రా గుహలకి అనంతగిరి మండలం, దానికి జిల్లా, అలా ఒక గొలుసు.

జిల్లాని మాత్రం అక్షరాల్లో రాసి పెట్టుకోకండి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, అరకు విశాఖ జిల్లాలోంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. గొలుసు ఉంటే ఒక్క లింకు మారిస్తే సరిపోతుంది. అక్షరాల్లో ఉంటే కూర్చుని వందల వరసలు దిద్దుకోవాలి.

దీని పక్కన మారుపేర్ల టేబుల్ ఒకటి. లంబసింగినే తీసుకోండి. తెలుగులో లంబసింగి, లమ్మసింగి రెండూ రాస్తారు, కొర్రబయలు అనే పేరు కూడా ఉంది, ఇంగ్లీషులో టైపు చేసేటప్పుడు ఒకరు బి పెడతారు, ఇంకొకరు ఎం రెండుసార్లు కొడతారు. ఇవన్నీ ఒకే నంబరుకి కట్టాలి. వైజాగ్, విశాఖ, విశాఖపట్నం కూడా అంతే. మారుపేర్లు ముందే ఊహించి అన్నీ రాయాలని కూర్చోకండి, సెర్చ్‌లో ఏమీ దొరకని మాటల్ని లాగ్ చేసి వారానికోసారి చూస్తే అవే వస్తాయి.

దీనికి తిరగేసిన సమస్య ఒకే పేరు రెండు చోట్ల ఉండటం. కొత్తపల్లి జలపాతం పాడేరు వైపు ఉంది, కానీ కొత్తపల్లి అనే ఊళ్ళు మనకి లెక్కలేనన్ని. అమరావతి మనకీ ఉంది, మహారాష్ట్రకీ ఉంది. అందుకే పేరు టైపు చేస్తుండగా వచ్చే జాబితాలో పేరు కింద రకం, మండలం, జిల్లా చిన్న అక్షరాల్లో చూపించాలి.

కొత్త ప్రదేశం చేర్చే హక్కు అందరికీ ఇవ్వాలా? ఇవ్వండి, కానీ మీరు చూసి సరేననేదాకా అది మిగతావాళ్ళ జాబితాలోకి రాకూడదు.

## 3. ఫారం: ఏం అడగాలి, ఏం అడక్కూడదు

ఖాళీ పెట్టె ఇచ్చి "మీ అనుభవం రాయండి" అంటే "సూపర్ ప్లేస్, తప్పక చూడండి" అని రాసి పోతారు, దాంతో ఎవరికీ పని జరగదు. చిన్న చిన్న ప్రశ్నలు వేసి చివర్లో పెట్టె ఇవ్వండి.

తప్పనిసరిగా అడగాల్సినవి మూడే:

□ ఎక్కడికి (జాబితాలోంచి)
□ ఎప్పుడు వెళ్ళారు (నెల, సంవత్సరం)
□ ఎలా చేరారు (బస్సు, రైలు, సొంత బండి, మాట్లాడుకున్న కారు)

రెండోదాని గురించి కొంచెం ఆగాలి. పోస్టు చేసిన తేదీ, వెళ్ళిన తేదీ ఒకటి కాదు, 2019లో వెళ్ళినది ఈరోజు రాసేవాళ్ళు ఉంటారు. బొగత జలపాతానికి జూలై, ఆగస్టులో వెళ్ళినవాళ్ళు ఆకాశానికెత్తేస్తారు, ఏప్రిల్ చివర్లో వెళ్ళినవాళ్ళు "రాళ్ళు తప్ప ఏం లేవు" అంటారు. ఇద్దరిదీ నిజమే. ప్రదేశం పేజీలో అనుభవాల్ని నెలలవారీగా విడగొట్టి చూపిస్తే ఈ గొడవే ఉండదు. నన్నడిగితే ఐదు నక్షత్రాల రేటింగ్ అసలు పెట్టొద్దు, ఎందుకంటే ఆ సగటులో వానాకాలం ఎండాకాలం కలిసిపోయి మూడున్నర వస్తుంది, ఆ మూడున్నరతో ఎవరూ ఏమీ తేల్చుకోలేరు. దాని బదులు "ఎవరితో వెళ్ళారు" అనీ, "ఇదే నెలలో మళ్ళీ వెళ్తారా" అనీ అడగండి.

ఖర్చు ఒకే గడిలో అడక్కండి. "మొత్తం ఆరు వేలయింది" అంటే ఎంతమందికి, ఎన్ని రోజులకి? మనుషుల సంఖ్య, ప్రయాణం, బస, తిండి, టికెట్లు విడివిడిగా ఉండాలి, ఏదైనా ఖాళీ వదిలేయొచ్చు. చూపించేటప్పుడు పక్కనే "2023 నాటి ధర" అని రావాలి.

ఇంకో గడి చాలా సైట్లలో ఉండదు కానీ నాకు అన్నిటికంటే పనికొచ్చింది: "ముందే తెలిస్తే బాగుండేది అనిపించిన విషయం". నల్లమల అడవి దారిలో శ్రీశైలం వెళ్ళేవాళ్ళకి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు గేట్లు మూసేస్తారన్నది కొండల మీద నాలుగు పేరాల వర్ణన కన్నా విలువైన మాట. ఇలాంటివి ఈ గడిలోనే బయటపడతాయి. వీటిని ప్రదేశం పేజీలో అందరికంటే పైన పెట్టండి.

తరచూ జరిగే తప్పు: ఫారం మొత్తం ఒకేసారి సేవ్ అయ్యేలా చేయడం. ఘాట్‌లో బస్సులో కూర్చుని అరగంట రాసినవాడికి సిగ్నల్ పోయి అంతా ఎగిరిపోతే మళ్ళీ మీ సైటు మొహం చూడడు. అక్షరాలు ఎప్పటికప్పుడు బ్రౌజర్ లోకల్ స్టోరేజీలో దాచాలి, ఫోటోలు ఒక్కొక్కటీ విడిగా అప్‌లోడ్ కావాలి, ఆగిపోయినది మాత్రమే మళ్ళీ ప్రయత్నించాలి.

## 4. ఫోటోలు: వరస తప్పితే చిక్కే

ఫోన్ ఫోటో ఒకటి సుమారు నాలుగు ఎంబీ ఉంటుంది. అనుభవానికి ఎనిమిది ఫోటోలు, వంద అనుభవాలు అనుకుంటే మూడు జీబీ దాటిపోయింది. అదే పొడవు వైపు 1600 పిక్సెల్స్‌కి కుదించి వెబ్‌పి ఫార్మాట్‌లో పెడితే ఒక్కోటి 250 కేబీ చుట్టుపక్కల వస్తుంది, వందకీ కలిపి 200 ఎంబీ. జాబితాల కోసం 400 పిక్సెల్స్ బొమ్మ ఇంకొకటి చేసుకోండి.

ఫోటో లోపల ఎగ్జిఫ్ అనే సమాచారం దాగి ఉంటుంది, అందులో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చు. ఎవరో ఇంటి గుమ్మంలో సూట్‌కేసుతో దిగిన ఫోటో పెడతారు, దాంతో వాళ్ళ ఇల్లెక్కడో లోకానికంతా తెలిసిపోతుంది, పైగా "వారం రోజులు ఊళ్ళో లేం" అని కింద వాళ్ళే రాస్తారు. కాబట్టి ఎగ్జిఫ్ తీసెయ్యాలి. అయితే ఫోటో నిలువా అడ్డమా అన్నది కూడా ఆ ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది! నేను ముందు ఎగ్జిఫ్ తుడిచేసి తర్వాత కుదించాను. మొదటి వారం బొర్రా గుహల ఫోటోలన్నీ పక్కకి పడుకున్నాయి, గుహలు కాబట్టి రెండు రోజులు ఎవరికీ అనుమానం రాలేదు, టికెట్ కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి గోడ మీద నడుస్తున్నట్టు కనిపించాక తెలిసింది.

సరైన వరస ఇది:

1. ఫైలు నిజంగా బొమ్మేనా, ఎంత పెద్దది అని చూడటం.
2. ఐఫోన్ నుంచి వచ్చే హెచ్‌ఈఐసీ ఫైళ్ళని తెరవగలిగే లైబ్రరీ (తయారుగా దొరికే కోడ్) పెట్టుకోవడం, లేకపోతే కొందరి ఫోటోలు ఎక్కవు.
3. ఎగ్జిఫ్‌లో చెప్పినట్టు బొమ్మని తిప్పడం. పిల్లో అనే పైథాన్ బొమ్మల లైబ్రరీలో దీనికి ఫంక్షన్ తయారుగా ఉంది.
4. లొకేషన్ ఉంటే "ఇది ఫలానా చోటేనా?" అని రాసేవాళ్ళకి మాత్రమే సూచించడం.
5. కుదించడం.
6. ఎగ్జిఫ్ లేకుండా వెబ్‌పిగా సేవ్ చేయడం, అసలు ఫైలుని తీసేయడం.

ఇదంతా పేజీ లోడ్ అయ్యే దారిలో చేయకండి, వెనక క్యూలో (ఒకదాని తర్వాత ఒకటి జరిగే పనుల వరసలో) పెట్టండి.

## 5. తెలుగు అక్షరాల తంటాలు

ఇంగ్లీషు ట్యుటోరియల్స్ చూసి కట్టినవాళ్ళంతా ఇక్కడ బోల్తా పడతారు.

లింకులు. జాంగోలో శీర్షిక నుంచి లింకు తయారుచేసే ఫంక్షన్ మామూలుగా తెలుగుని మొత్తం తీసేస్తుంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కోడ్‌లిచ్చే పద్ధతి) అనుమతిస్తే అక్షరాలు ఉంచి గుణింతాలు, సున్నలు కొట్టేస్తుంది, "లంబసింగి" కాస్తా "లబసగ" అవుతుంది. సరిచేసి తెలుగులోనే పెట్టుకున్నా, కాపీ చేసి వాట్సాప్‌లో అతికించినప్పుడు ఒక్కో అక్షరం శాతం గుర్తులతో తొమ్మిది గుర్తులుగా విడిపోయి లింకు నాలుగు వరసలు పాకుతుంది. ఇంగ్లీషు అక్షరాల పేరు, దాని పక్కన నంబరు, అంతే పెట్టండి.

ముక్కలు చేయడం. జాబితాలో మొదటి వంద అక్షరాలు చూపిద్దామని కోస్తే "స్త్రీ" మధ్యలో తెగి పొల్లుతో మిగులుతుంది. కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్‌కి ఆరు కోడ్‌లు. మాటల మధ్య ఖాళీ దగ్గరే కోయండి.

ఒకేలా కనిపించే వేర్వేరు అక్షరాలు. సున్న (ం) బదులు తెలుగు అంకె సున్న (౦) కొట్టేవాళ్ళు ఉన్నారు, చూడటానికి తేడా తెలియదు. ఐత్వం కూడా రెండు రకాలుగా నిల్వ కావొచ్చు. "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అందుకని ప్రతి పేరుకీ చూపించే రూపం ఒకటి, వెతికే రూపం ఒకటి దాచండి. వెతికే రూపంలో యూనికోడ్‌ని ఎన్‌ఎఫ్‌సీ పద్ధతికి (రెండు రకాలుగా నిల్వయినదాన్ని ఒకే రూపానికి తెచ్చేది) మార్చి, మాట మధ్యలోని అంకె సున్నని సున్నగా దిద్ది, కనిపించని గుర్తులు తీసేయాలి.

ఫాంటు. నోటో సాన్స్ తెలుగు పెడితే ఇబ్బంది ఉండదు. వరస ఎత్తు అక్షరం సైజుకి 1.7 రెట్ల దాకా ఉంచండి. శీర్షిక డబ్బాలకి ఎత్తు బిగించి మిగతాది కనపడకుండా చేస్తే "రాష్ట్రం"లో ఒత్తులు తెగిపోతాయి.

## 6. వెతకడం

పోస్ట్‌గ్రెస్‌లో తెలుగుకి తయారు సెర్చ్ అమరిక లేదు, మాటకి మూలరూపం అది తేల్చలేదు. మన భాషలో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కదా: అరకులో, అరకుకి అంటే మొదటి అక్షరాలు కలుస్తాయి కాబట్టి ఫరవాలేదు. శ్రీశైలం మాత్రం శ్రీశైలానికి అవుతుంది, పాపికొండలు పాపికొండల్లో అవుతుంది, చివర మారిపోతుంది.

దీన్ని పూర్తిగా పరిష్కరించాలని కూర్చుంటే ఏడాది పడుతుంది, అక్కర్లేదు. నేను చేసినది ఇది:

1. ముందు ప్రదేశాల పేర్లలో, మారుపేర్లలో వెతకడం. వెతికేవాళ్ళలో ఎక్కువమంది కొట్టేది ఊరి పేరే.
2. చివర్లో లో, కి, కు, నుంచి, దగ్గర ఉంటే తీసేసి మళ్ళీ చూడటం. "ానికి", "ంలో" ఉంటే "ం"గా మార్చి చూడటం, "ల్లో", "లకి", "లకు" ఉంటే "లు"గా. "లో" కన్నా ముందు "ంలో", "ల్లో" చూడాలి, వరస తిరగబడితే "పాపికొండల్" దగ్గర ఆగిపోతుంది.
3. అప్పటికీ దొరక్కపోతే ట్రైగ్రామ్ పోలికతో (మాటల్ని మూడేసి అక్షరాల ముక్కలు చేసి పోల్చడం) దగ్గర పేర్లు సూచించడం.
4. ఆఖరున అనుభవాల పాఠంలో వెతకడం.

ట్రైగ్రామ్ వాడే ముందు ఒక తెలుగు మాట ఇచ్చి ముక్కలు అసలు వస్తున్నాయో లేదో చూసుకోండి. డేటాబేస్ లొకేల్‌ని (భాష అమరికని) బట్టి ఖాళీగా వచ్చే అవకాశం ఉంది, వస్తే లొకేల్ మార్చి డేటాబేస్‌ని కొత్తగా సృష్టించుకోవాలి. ఇది మొదటి రోజే చూస్తే పది నిమిషాల పని.

పేరు తెలియకుండా వచ్చేవాళ్ళ కోసం మూడు వడపోతలు చాలు: ఏ నెల, ఎన్ని రోజులు, ఎవరితో. "డిసెంబరు, రెండు రోజులు, పెద్దవాళ్ళతో" అని నొక్కితే మెట్లు తక్కువున్న చోట్లు రావాలి.

## 7. మ్యాపు

లీఫ్‌లెట్ (పేజీలో మ్యాపు చూపించే లైబ్రరీ), ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు) కలిపితే డబ్బు ఖర్చు లేకుండా మొదలవుతుంది. మ్యాపు మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ పేరు తప్పకుండా ఉండాలి. వాళ్ళ సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి, జనం పెరిగాక డబ్బు కట్టే టైల్ సర్వీసుకి (మ్యాపు బొమ్మ ముక్కలు పంపేది) మారడం న్యాయం. మ్యాపుని మీ ప్రాంతం దాటి వెనక్కి జరగనివ్వకండి, దేశ సరిహద్దులు మన అధికారిక పటానికి వేరుగా కనిపిస్తే లేనిపోని తలనొప్పి.

అందరూ చేసే తప్పు అక్షాంశం, రేఖాంశం తారుమారు చేయడం. లీఫ్‌లెట్ అక్షాంశం ముందు అడుగుతుంది, పోస్ట్‌జిఐఎస్ (పోస్ట్‌గ్రెస్‌లో మ్యాపు లెక్కలు చేసే అదనపు భాగం) రేఖాంశం ముందు అడుగుతుంది. లంబసింగి సుమారు 17.8 ఉత్తరం, 82.5 తూర్పు. తిరగేస్తే స్వాల్‌బార్డ్ దాటి ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది, చలి మాత్రం సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలే అయితే అక్షాంశం 12 నుంచి 20, రేఖాంశం 76 నుంచి 85 దాటితే ఒప్పుకోకుండా డేటాబేస్‌లోనే నిబంధన పెట్టేయండి.

"దగ్గర్లో ఇంకేమున్నాయి" చూపించేటప్పుడు పోస్ట్‌జిఐఎస్‌లో జాగ్రఫీ రకం వాడితే దూరం మీటర్లలో వస్తుంది, జామెట్రీ రకంలో డిగ్రీల్లో వచ్చి అయోమయం చేస్తుంది. అది కూడా గీత గీసిన దూరమే. గోదావరికి అటూ ఇటూ ఉన్న రెండు చోట్లు మ్యాపులో నాలుగు కిలోమీటర్లు, వంతెన చుట్టి వెళ్తే గంటన్నర. కాబట్టి "4 కి.మీ." అని రాయకండి, "దగ్గర్లో" అని మాత్రమే రాయండి, ప్రయాణ సమయం వెళ్ళినవాళ్ళ దగ్గరే అడిగి తీసుకోండి.

## 8. లాగిన్

ఎస్‌ఎంఎస్ ఓటీపీ జోలికి మొదట్లో పోవద్దు, మన దగ్గర దానికి డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (మెసేజ్‌లు పంపే సంస్థలు టెలికాం కంపెనీల దగ్గర చేసుకునే నమోదు), మెసేజ్ టెంప్లేట్ అనుమతి కావాలి. గూగుల్ లాగిన్, లేదా ఈమెయిల్‌కి వచ్చే లింకు సరిపోతాయి. చదవడానికి లాగిన్ అడగొద్దు, రాయడానికే అడగండి. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు లాంటివి అవసరం లేకపోతే తీసుకోకండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం దేనికోసం తీసుకుంటున్నారో చెప్పి సమ్మతి తీసుకోవాలి, 18 ఏళ్ళలోపు వాళ్ళకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఖాతా తీసేసుకునే బటన్ మొదటి రోజు నుంచే ఉండాలి.

## 9. వడకట్టడం

మొదటి రెండు వందల అనుభవాలు మీరే చదివి వదలండి. విసుగే కానీ తప్పదు. నేను ఆపినవాటిలో ఎక్కువ ఇవి:

- ఒకే రిసార్టుని పొగుడుతూ వారంలో ఐదు కొత్త ఖాతాలు
- డ్రైవర్, గైడ్ ఫోన్ నంబర్లు వాళ్ళకి తెలియకుండా పెట్టినవి
- నెట్‌లోంచి ఎత్తుకొచ్చిన ఫోటోలు
- అరకు సంతలోనో గూడెంలోనో గిరిజనుల ముఖాలు, పిల్లల ముఖాలు అడక్కుండా దగ్గరగా తీసినవి
- నిషేధం బోర్డు దాటి జలపాతం అంచుకి వెళ్ళే "సీక్రెట్ దారి"

చివరిదాన్ని ఎంత బాగా రాసినా వదలొద్దు, ఎవరో ఒకరు దాన్ని చూసి వెళ్తారు. తిప్పి పంపేటప్పుడు కారణం ఒక్క వాక్యంలో రాస్తే సగం మంది దిద్ది మళ్ళీ పంపుతారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, సంప్రదించే వివరం సైటులో కనిపించాలి. చిన్న సైటులో ఆ అధికారి మీరే.

## 10. బయటికి వదిలే ముందు రోజు

లింకు వాట్సాప్‌లో పెట్టి చూడండి, బొమ్మ, శీర్షిక వస్తున్నాయా? పేజీ మొత్తం జావాస్క్రిప్ట్‌తో తయారయ్యేలా కడితే ఖాళీ డబ్బా వస్తుంది, మనవాళ్ళలో లింకులు తిరిగేదే అక్కడ. సర్వర్ నుంచే పూర్తి పేజీ రావాలి.

□ పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచారా
□ ఫారం సగంలో ఏరోప్లేన్ మోడ్ పెట్టి, తిరిగి వచ్చి చూశారా
□ ఎగ్జిఫ్ ఉన్న నిలువు ఫోటో, హెచ్‌ఈఐసీ ఫోటో ఎక్కించారా
□ "శ్రీశైలానికి" అని వెతికారా
□ ముప్ఫై అనుభవాలు చెప్పినవాళ్ళ పేర్లతోనే లోపల ఉన్నాయా
□ రోజూ బ్యాకప్ వేరే చోటికి వెళ్తోందా

ఆ చివరిదానికి టిక్ పెట్టేముందు బ్యాకప్‌ని ఇంకో కంప్యూటర్ మీద తెరిచి సైటు లేపండి, ఒక పాత అనుభవం నొక్కండి. అక్షరాలు వచ్చి ఫోటోల చోట బూడిదరంగు పెట్టెలు కనిపిస్తే, డేటాబేస్ మాత్రమే కాపీ అవుతోంది, ఫోటోల ఫోల్డరు వెళ్ళడం లేదన్నమాట. నాకు అలాగే కనిపించింది, అప్పటికి నాలుగు నెలలయింది.